వార్షిక నివేదిక: ఒకే నగరం, వేర్వేరు ఆయుష్షులు

సభ్యులందరికీ నమస్కారం.

ఒకే నగరంలో ఉంటూ కొందరు ముందే ఎందుకు చనిపోతున్నారు? ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఈ ప్రశ్న మీదే సాగింది.

నెలవారీ చర్చల్లో మొదట చదివింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008 నివేదికలో, అక్కడి పేదల పేట కాల్టన్‌లో మగవారి ఆయుర్దాయం 54 ఏళ్లు. దగ్గర్లోనే ఉన్న సంపన్న ప్రాంతం లెంజీలో 82. తేడా 28 ఏళ్లు. పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచి పెద్ద చేసేంత కాలం అది.

గాలి, నీరు తేడా వల్లే కదా అని కొందరు సభ్యులు అడిగారు. 1820ల్లో విల్లెర్మే అనే వైద్యుడు పారిస్‌లో పేటలవారీగా మరణాలు లెక్కగట్టి ఇదే పరీక్షించాడు. నది దగ్గరా దూరమా, నేల ఎత్తా పల్లమా, గాలి ఎటు వీస్తుంది, వేటితోనూ లెక్క కుదరలేదు. పేదరికంతో కుదిరింది.

అయితే కటిక పేదరికం ఒక్కటే కారణం కాదు. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా ప్రభుత్వోద్యోగులే, జీతాలున్నవాళ్లే. అయినా అట్టడుగు హోదాలో గుండెజబ్బు మరణాలు పై అధికారుల కంటే సుమారు మూడు రెట్లు. పొగతాగడం, బీపీ లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. తన పని తన చేతిలో లేకపోవడం, రోజూ అదే టెన్షన్ కూడా గుండెను దెబ్బతీస్తాయని తర్వాతి అధ్యయనాలు చూపాయి. "అలవాట్లు మార్చుకోండి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదని నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే.

1995 జూలైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. ఒంటరి వృద్ధులు, పేదలే ఎక్కువ. అది చదివాకే, ఎండలు ముదిరినప్పుడు ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను రోజూ వెళ్లి పలకరించే పని మొదలుపెట్టాం. దీన్ని ఆపకూడదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

చేయలేకపోయిన పని ఒకటుంది. పేటలవారీ మరణాల లెక్కలు అడిగితే సంబంధిత కార్యాలయం నగరం మొత్తానికి సగటు ఇచ్చింది. ఆ సగటులో ఏ పేట వాళ్లు ముందే పోతున్నారో కనిపించదు. పైగా వృద్ధులు ఎక్కువున్న పేటలో మరణాలు ఎక్కువ ఉండటం సహజం, కాబట్టి వయసులవారీ వివరాలు కూడా కావాలి. అలా మళ్లీ అర్జీ పెట్టాం. జవాబు రాలేదు. వచ్చే నెల కార్యవర్గం స్వయంగా వెళ్తుంది, రాగలిగినవారు ముందే చెప్పండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి