గోడలో ఇమిడిపోయిన రాయి

మావా,

పాపకి జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్‌లో నీ గొంతు చాలా నీరసంగా ఉంది, రాత్రుళ్ళు నిద్ర ఉండట్లేదనుకుంటా. నువ్వు కూడా కాస్త వేళకి తిను.

"శని ఆదివారాలు గదిలో ముసుగుతన్ని పడుకోకుండా ఎటన్నా వెళ్ళిరారా" అన్నావు కదా, వెళ్ళొచ్చాను. ఫోన్‌లో చెబితే మధ్యలో నీకేదో పని పడుతుంది, నాది సగంలో ఆగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పాప పడుకున్నాక తీరిగ్గా చదువు.

ఊరి పేరు రేగెన్స్‌బుర్గ్. మ్యూనిక్ నుంచి రైల్లో గంటన్నర. డాన్యూబ్ నది ఒడ్డున ఉంటుంది. జర్మనీలో చాలా పాత నగరాలు యుద్ధంలో బాంబులకి నేలమట్టమైపోయాయి, ఇప్పుడు కనిపించే పాత వీధులు చాలాచోట్ల మళ్ళీ కట్టినవే. ఇక్కడ ఊరి బయట విమానాల ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి కానీ, పాతబస్తీ మాత్రం చాలావరకు నిలబడింది. 2006లో యునెస్కో వాళ్ళు వారసత్వ జాబితాలో చేర్చారు. ఆఫీసులో ఒకాయన "అక్కడికి వెళ్తే బస్సెక్కకు, నడువు" అని చెప్పాడు. ఆయన మాటే విన్నాను.

బయల్దేరేముందు కొంచెం టెన్షన్‌గానే ఉంది. నువ్వు పక్కన లేకుండా నేను ఊరు చూడటం ఇదే మొదటిసారి. కానీ ఒక్కడినే నడవడంలో ఒక సుఖం ఉంది మావా. నచ్చిన గోడ దగ్గర అరగంట నిలబడినా "ఇంక పద" అనేవాళ్ళు ఉండరు. బ్రాడీపేట లైన్లన్నీ సాయంత్రాలు పనిలేకుండా తిరిగేవాళ్ళం చూడు, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు. అలాగే తిరిగాను.

ముందు వంతెన గురించి చెప్పాలి. అంతా రాతి కట్టడం. 1135లో మొదలుపెట్టి 1146కల్లా, అంటే పదకొండేళ్ళలో కట్టేశారట. ఆ మొదటి ఏడు వేసవిలో వానల్లేక నది బాగా తగ్గిపోయింది, అదే అదనుగా పునాదులు వేసుకున్నారు. మూడొందల మీటర్ల పైన పొడవు. ఇప్పుడు దాని మీదికి కార్లు రానివ్వరు, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రమే. మధ్యలో నిలబడి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్తంభాల చుట్టూ పడవ ఆకారంలో పెద్ద పెద్ద రాతి దిమ్మెలు కట్టారు, వాటి మధ్య నీళ్ళకి దారి చాలక కమానుల కింద సుడులు తిరుగుతూ పోతుంటాయి. ఆ హోరు వింటూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పుడు నువ్వూ నేనూ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

వంతెన మీద ఒక చిన్న రాతి మనిషి బొమ్మ ఉంది. ఎండకి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూస్తుంటాడు. వంతెన కట్టే మేస్త్రీ, చర్చి కట్టే మేస్త్రీ పందెం వేసుకున్నారని, వంతెన మేస్త్రీ దయ్యం సాయం తీసుకుని గెలిచాడని ఒక కథ చెబుతారు. ముందుగా వంతెన దాటిన ప్రాణాల్ని నాకిచ్చెయ్ అందట దయ్యం. ఈయనేమో మనుషుల బదులు ఒక కోడిపుంజునీ, పెట్టనీ, కుక్కనీ తోలాడట. నిజానికి వంతెన పూర్తయ్యాక వందేళ్ళు దాటాక గానీ ఇప్పుడున్న చర్చి పని మొదలే కాలేదు. అయినా కథ బాగుంది, పాపకి చెప్పు.

వంతెన పక్కనే, నదికి ఆనుకుని, ఒక చిన్న హోటల్. వంతెన కట్టిన కూలీలకి అక్కడే వండిపెట్టేవాళ్ళని చెప్పుకుంటారు. బొగ్గుల మీద కాల్చిన వేలెడంత సాసేజీలు, పుల్లటి క్యాబేజీ, తియ్యటి ఆవముద్ద. బల్లల మీద అందరూ కలిసే కూర్చుంటారు కాబట్టి ఒక్కడినే తింటున్నానని అనిపించలేదు. గోడ మీద ఏ ఏడాది వరద ఎంతవరకు వచ్చిందో గీతలు గీసి ఉన్నాయి. కొన్ని నా తల కన్నా ఎత్తులో ఉన్నాయి. తింటూ వాటినే చూస్తూ కూర్చున్నాను.

అక్కణ్ణించి రెండు నిమిషాలు నడిస్తే రోమన్ల కోట ద్వారం. మార్కస్ అరేలియస్ చక్రవర్తి కాలంలో, 179లో, ఇక్కడ ఆరువేల మంది సైనికులకి కోట కట్టారు. దాని ఉత్తర ద్వారం ఇంకా నిలబడి ఉంది మావా! కాకపోతే దాని చుట్టూ తర్వాతివాళ్ళు ఇల్లు కట్టేసుకున్నారు, ద్వారం ఆ గోడలో కలిసిపోయింది. 1885లో మళ్ళీ బయటపడింది. తెల్లటి సున్నం గోడ మధ్యలోంచి నల్లబడ్డ పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో సున్నం గానీ మట్టి గానీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. చెయ్యి ఆనించాను. సాయంత్రం ఎండకి వెచ్చగా ఉన్నాయి.

తర్వాత కేథడ్రల్. 1270ల్లో మొదలుపెట్టిన చర్చికి రెండు శిఖరాలూ 1869కి గానీ పూర్తికాలేదు. ఎత్తు 105 మీటర్లు. లోపలంతా చీకటి, ఆ చీకట్లో రంగు అద్దాలు వెలుగుతుంటాయి. ఒక స్తంభం దగ్గర దేవదూత విగ్రహం ఉంది. 1280 ప్రాంతంలో చెక్కింది. ఎదుటి స్తంభం దగ్గరున్న మేరీమాతకి శుభవార్త చెబుతూ నవ్వుతుంటాడు. చిరునవ్వు అనడానికి లేదు, పళ్ళు కనపడేలా, మన పక్కింటి కుర్రాడు పరీక్ష పాసయ్యానని చెప్పడానికి పరిగెత్తుకొచ్చినట్టు ఉంటుంది. ఏడొందల ఏళ్ళు దాటింది, ఇంకా ఆ సంతోషం తగ్గలేదు. నాకు ఊరు మొత్తంలో అదే అన్నిటికన్నా అందమైన ముఖం.

కానీ బయటికొచ్చి దక్షిణం వైపు తిరిగితే అదే చర్చి గోడ మీద ఇంకో శిల్పం ఉంది. యూదుల్ని పందితో కలిపి అవమానిస్తూ మధ్యయుగంలో చెక్కింది. అదేమిటో చెబుతూ పక్కన ఒక ఫలకం పెట్టారు. లోపల అంత ప్రేమగా నవ్వే ముఖాన్ని చెక్కించుకున్న ఊరే బయట దీన్నీ చెక్కించుకుంది. ఆ రాత్రి మంచం మీద పడుకున్నా అదే తిరుగుతోంది బుర్రలో.

ఆదివారం పొద్దున పదింటికి అదే చర్చిలో పిల్లలు పాడారు. ఆ గాయక బృందాన్ని ముద్దుగా "కేథడ్రల్ పిచ్చుకలు" అంటారు. 975లో ఇక్కడి బిషప్ పెట్టిన బడితో మొదలైన పరంపర. వెనక బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాను. మాటలు అర్థం కాలేదు, కానీ పక్కనున్న ముసలావిడ చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకుంది, నాకూ అలాగే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను.

బయటికొచ్చేసరికి ఫోన్ ఆగిపోయింది. ఛార్జర్ ఆఫీసులో మర్చిపోయి వచ్చాను, ఆదివారం ఇక్కడ దుకాణాలు తెరవరు. మ్యాప్ లేదు. సరే, నది ఎటుందో తెలుసు కదా అని సందుల్లో పడ్డాను. ఇళ్ళ మధ్య అక్కడక్కడా ఎత్తైన బురుజులు కనిపిస్తాయి, వెనిస్‌తో వ్యాపారం చేసిన షావుకార్లు హోదా కోసం కట్టుకున్నవి. అలా వెళ్తుంటే ఒక సందులో, మామూలు ఇంటి గోడలో, నా నడుం ఎత్తున ఒక రాయి కనిపించింది. చుట్టూ పసుపు రంగు గోడ, పైన కిటికీలో ఎర్ర జెరేనియం కుండీ. రాయి మీద చతురస్రంగా ఉన్న అక్షరాలు, హీబ్రూ. కొన్ని అక్షరాల్లో సున్నం నిండిపోయింది. ఒక మూల పగిలి, ఆఖరి వరుస సగంలోనే ఆగిపోయింది.

అది సమాధి రాయి మావా.

1519 దాకా ఈ ఊళ్ళో యూదులు ఉండేవాళ్ళు. జర్మనీలో అందరికన్నా పాత, పేరున్న సమాజాల్లో అదొకటి. ఆ ఏడాది జనవరిలో వాళ్ళకి అండగా ఉన్న చక్రవర్తి మాక్సిమీలియన్ చనిపోయాడు. ఫిబ్రవరిలో నగర సభ వాళ్ళని కొద్దిరోజుల్లో ఊరు ఖాళీ చెయ్యమంది. ఇళ్ళు కూల్చేశారు, ప్రార్థనామందిరం కూల్చేశారు. కూల్చేముందు ఆల్ట్‌డోర్ఫర్ అనే చిత్రకారుడు లోపలిదంతా చిత్రంగా గీసి పెట్టాడు, ఆయన కూడా ఆ నగర సభలో సభ్యుడే. శ్మశానంలోని వేల రాళ్ళు పీకి ఇళ్ళకి వాడుకున్నారు. కొంతమంది వాటిని గెలుపు గుర్తుగా, అక్షరాలు బయటికి కనిపించేలా గోడల్లో పెట్టించుకున్నారు.

అమరావతి దీపాలదిన్నె గుర్తొచ్చింది. 1790ల చివర్లో కొత్త ఊరు కడుతూ స్తూపం రాళ్ళు తవ్వి పట్టుకెళ్ళారని మ్యూజియంలో చదివి నువ్వు ఎంత బాధపడ్డావో. కానీ రెండూ ఒకటి కావు. అప్పటికి ఆ దిబ్బ ఏమిటో మనవాళ్ళకి తెలీదు. ఇక్కడ ఆ రాయి ఎవరిదో వాళ్ళకి తెలుసు. పీకేటప్పటికి పేరు స్పష్టంగానే ఉండి ఉంటుంది, పక్క వీధిలో ఉండే మనిషి తాతదో అమ్మదో.

యూదుల వాడ ఉన్న చోటే ఇప్పుడు పెద్ద కూడలి, నోయ్‌ఫార్‌ప్లాట్జ్. 1990ల్లో అక్కడ తవ్వితే పాత నేలమాళిగలు, ప్రార్థనామందిరం పునాదులు బయటపడ్డాయి. ఆ మందిరం ఎక్కడ ఎలా ఉండేదో అదే కొలతకి, నేల మీద తెల్లటి దిమ్మెలతో ఇజ్రాయెల్ శిల్పి డానీ కరవాన్ 2005లో ఒక స్మారకం కట్టాడు. చుట్టూ కంచె లేదు. స్తంభాలున్న చోట గుండ్రటి దిమ్మెలు, వాటి మీద జనం కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. ఒక పిల్లాడు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతున్నాడు. మొదట మనసు చివుక్కుమంది. కాసేపు నేనూ కూర్చున్నాక ఇలాగే బాగుందనిపించింది. జనం వస్తూ పోతూ ఉన్న చోటు కదా ఒకప్పుడు.

యూదులు తర్వాత మళ్ళీ వచ్చారు, 1912లో కొత్త మందిరం కట్టుకున్నారు. 1938 నవంబర్‌లో నాజీలు దాన్నీ తగలబెట్టారు. అదే చోట 2019లో మళ్ళీ తెరిచారు. వీధుల్లో నడిచేటప్పుడు కాళ్ళ కింద అరచేతిలో పట్టేంత ఇత్తడి పలకలు తగులుతాయి, నాజీలు ఆ ఇంట్లోంచి పట్టుకెళ్ళిన మనుషుల పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి పంపారు అన్నీ ఉంటాయి. 1942, పియాస్కీ (పోలండ్‌లో ఒక ఊరు) అని చాలా వాటి మీద ఉంది. చదవాలంటే నిలబడి తల వంచాలి.

ఒక్క మనిషి గురించి చెప్పి ఆపేస్తాను. 1945 ఏప్రిల్ 23న అమెరికా సైన్యం దగ్గరికొస్తుంటే, వాళ్ళని ఆపడానికి జర్మన్ సైన్యం తన ఊరి వంతెననే కొంత పేల్చేసింది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఒక కూడలిలో గుమిగూడి, పోరాటం లేకుండా ఊరిని అప్పగించమని అడిగారు. కేథడ్రల్‌లో ప్రసంగాలు చేసే యోహాన్ మాయర్ అనే ఫాదర్ వాళ్ళ తరఫున మాట్లాడబోతుంటే మధ్యలోనే పట్టుకెళ్ళారు. తెల్లారకుండానే అదే కూడలిలో ఉరితీశారు. యోసెఫ్ జీర్క్ల్ అనే పెద్దాయన్నీ ఆయనతో పాటే ఉరితీశారు. 27న అమెరికన్లు కాల్పులు లేకుండా లోపలికొచ్చారు. నేను రెండు రోజులు చేత్తో తడుముతూ తిరిగిన రాళ్ళన్నీ ఉన్నాయంటే, ఆ నాలుగు రోజుల్లో ఊరు యుద్ధభూమి కాకపోవడం వల్లే కదా. ఆ చోట వాళ్ళ స్మారకం ఉంది. నేను వెళ్ళినప్పుడు ఎవరో పూలు పెట్టి వెళ్ళారు, ఇంకా వాడలేదు.

సాయంత్రం రైలెక్కేముందు మళ్ళీ ఆ సందు వెతుక్కుంటూ వెళ్ళాను. మూడుసార్లు తప్పి నాలుగోసారి దొరికింది. ఫోన్ లేదు కాబట్టి ఫొటో లేదు. జేబులో రైలు టికెట్ ప్రింటు ఉంటే దాని వెనక ఆ అక్షరాల్ని పెన్సిల్‌తో చూసి గీసుకున్నాను. చదవడం రాదు, అందుకే ఒక్కో గీతా ఎలా ఉంటే అలా వేశాను. గీస్తుంటే పైన కిటికీ తీసి ఒకావిడ కుండీకి నీళ్ళు పోసింది. నన్ను చూసి "గ్రూస్ గాట్" అంది, ఇక్కడివాళ్ళ నమస్కారం అది. నేనూ అన్నాను.

ఆ కాగితం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను, పాప చేతికి దొరక్కుండా చూడు. డిసెంబర్‌లో వస్తున్నాను. అమరావతి వెళ్దాం, ఈసారి బండి బస్టాండ్‌లో పెట్టేసి నడుద్దాం.

నీ
మావ