మేము గీసిన గుర్తులను అడగకుండా మార్చారు

అనంతపురం

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: కొత్త అప్‌డేట్ తర్వాత మా పాత డ్రాయింగుల్లోని గుర్తులు వాటంతటవే మారిపోవడం

నమస్కారం.

నేను అనంతపురంలో ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసు నడుపుకుంటున్నాను. పని నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు నాకు సాయంగా ఉంటారు. చీనీ (బత్తాయి) తోటలకు, మామిడి తోటలకు, వేరుశనగ పొలాలకు డ్రిప్పు లేఅవుట్లు గీయడం మా ప్రధానమైన పని. మా జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బోరులో ఉన్న కాసిని నీళ్లను చెట్టు మొదలు దాకా చేర్చే పైపుల పటం రైతుకు ఎంత అవసరమో దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు. ఆ పటాలను పదకొండేళ్లుగా మీ సాఫ్ట్‌వేర్‌లోనే గీస్తున్నాను. ఏటా చందా గడువుకు ముందే కట్టాను. ఇంతకు ముందు ఒక్క ఫిర్యాదు కూడా రాయలేదు.

ఈ పదకొండేళ్లలో మేము సొంతంగా ఒక సింబల్ లైబ్రరీ, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే గుర్తుల సేకరణ, తయారుచేసుకున్నాం. స్క్రీన్ ఫిల్టర్, శాండ్ ఫిల్టర్, ఎరువును నీళ్లలో కలిపే వెంచురి, బాల్ వాల్వ్, ఫ్లష్ వాల్వ్, ఎయిర్ వాల్వ్, ఇలా ప్రతి గుర్తూ ఒక్కో బ్లాక్, అంటే ఒక పేరు కింద ఒకటిగా కట్టిన గీతల బొమ్మ. గుర్తు మధ్యబిందువే దాని బేస్ పాయింట్ (పటంలో పెట్టేటప్పుడు గుర్తును పట్టుకునే చోటు), ఎందుకంటే పైపు గీత మీద సరిగ్గా కూర్చోవాలి. అన్నిటినీ సున్నా లేయర్‌లోనే (లేయర్ అంటే పటంలో ఒక పొర) గీశాం, ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకోవడానికి. ప్రతి వాల్వుకూ సైజు, రకం, వరుస నంబరు అట్రిబ్యూట్లుగా, అంటే గుర్తుతో పాటే ఉండే వివరాలుగా, ఇచ్చాం. షీటు పూర్తయ్యాక ఆ అట్రిబ్యూట్ల నుంచే సామాను పట్టిక తీస్తాం. రైతు ఆ కాగితం పట్టుకునే పైపుల దుకాణానికి వెళతాడు.

మొన్న జూన్‌లో మీ అప్‌డేట్ వచ్చింది. దానితో పాటు మీ కంపెనీ సొంత లైబ్రరీ కూడా వచ్చింది. ఆ గుర్తులు బాగున్నాయి, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. కొత్తగా ఆఫీసు పెట్టుకునేవాళ్లకు ఎంతో ఉపయోగం. అయితే పాత ఫైలు తెరిచిన ప్రతిసారీ మీ ప్రోగ్రాం అందులోని బ్లాక్ పేర్లను మీ లైబ్రరీలోని పేర్లతో పోల్చి, పేరు కలిసిన చోటల్లా మా గుర్తు తీసేసి మీది పెడుతోంది. అడగదు. తెర మీద ఒక్క హెచ్చరిక కనబడదు. ఆ తర్వాత ఫైలు సేవ్ చేస్తే ఇక మా గుర్తు ఆనవాలు కూడా మిగలదు.

ఈ సంగతి నాకు మా ఆఫీసులో తెలియలేదు, నార్పల దగ్గర ఒక చీనీ తోట నుంచి ఫిట్టర్ ఫోను చేస్తే తెలిసింది. మా లైబ్రరీలో ఎయిర్ వాల్వ్ బ్లాక్ పేరు ‘ఏవీ’. మీ లైబ్రరీలో ‘ఏవీ’ అంటే యాంగిల్ వాల్వ్, నీటి దారిని మలుపు తిప్పే వాల్వు. రైతు పేరులో అక్షర దోషం దిద్దడానికి ఫైలు తెరిచి, మళ్లీ ప్రింటు తీసి పంపాం. మేము చేసింది అంతే. ఆ ప్రింటు చేతిలో పట్టుకుని ఫిట్టర్ అడిగాడు: “అక్కా, మెరక మీద యాంగిల్ వాల్వ్ చూపించారేమిటి? ఇక్కడ గాలి వాల్వు కదా ఉండాల్సింది?”

అతను అనుభవం ఉన్న మనిషి కాబట్టి అడిగాడు. అడగకుండా కాగితంలో ఉన్నట్టే బిగించి ఉంటే ఏం జరిగేదో మీకు తెలియాలి. మోటారు ఆపగానే పైపులోని నీళ్లు పల్లానికి జారిపోతాయి. మెరక దగ్గర పైపు ఖాళీ అయి లోపలికి పీల్చడం మొదలుపెడుతుంది. గాలి వెళ్లడానికి అక్కడ వాల్వు లేకపోతే డ్రిప్పర్ల సన్నటి రంధ్రాల గుండా బురదనీళ్లు లోపలికి వెళతాయి. నాలుగు తడులు పెట్టేసరికి డ్రిప్పర్లు పూడుకుపోతాయి. కాపు మీదున్న తోటలో నీరందని చెట్టు పిందె రాలుస్తుంది. అప్పుడు రైతు మీ కంపెనీని అడగడు. మా ఆఫీసు మెట్లెక్కి నన్ను అడుగుతాడు.

ఆ రోజు సాయంత్రం పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాం. మీ బాల్ వాల్వ్ బేస్ పాయింట్ ఎడమ చివర ఉంది. కాబట్టి మా షీట్లలో ప్రతి వాల్వూ పైపు మీద సగం గుర్తు పక్కకు జరిగింది. మీ గుర్తుల్లో కొన్ని అంగుళాల్లో ఉన్నాయి, మా షీట్లు మిల్లీమీటర్లలో ఉంటాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా, ఒక షీటులో శాండ్ ఫిల్టర్ పంపు షెడ్డును దాటి బోరును, గట్టును కప్పేసి కూర్చుంది. పెద్దదైతే కంటికి కనబడుతుంది, దిద్దుకుంటాం. సామాను పట్టికను చూస్తేనే గుండె జారింది. మీ గుర్తులకు మేము పెట్టుకున్న అట్రిబ్యూట్లు లేవు కదా, వాటితో పాటు సైజులూ నంబర్లూ అన్నీ పోయాయి. 63 మిల్లీమీటర్ల వాల్వులెన్నో, 75వి ఎన్నో చెప్పే గడులన్నీ ఖాళీ.

మీ సేవా కేంద్రానికి మూడుసార్లు ఫోను చేశాను. మొదటి రెండుసార్లు ఫిర్యాదు నంబరు మాత్రమే ఇచ్చారు. మూడోసారి మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: “బ్లాకులను ఎక్స్‌ప్లోడ్ చేసి మళ్లీ పెట్టుకోండి మేడం.” ఎక్స్‌ప్లోడ్ చేస్తే గుర్తు విడివిడి గీతలైపోతుంది, అట్రిబ్యూట్లలో నింపిన విలువలు పోతాయి. మీ ప్రోగ్రాం సగం చెరిపిన దాన్ని మిగతా సగం నా చేత్తో చెరపమని చెప్పినట్టయింది.

నేను పాలిటెక్నిక్‌లో చదివే రోజుల్లో మా మాస్టారు పలుచటి ప్లాస్టిక్ స్టెన్సిల్‌తో గుర్తులు గీయించేవారు. స్టెన్సిల్ అరిగితే కొత్తది కొనుక్కునేవాళ్లం. కొత్త స్టెన్సిల్ కొన్నామని బీరువాలోని పాత ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ మారిపోయేది కాదు. నేను సంతకం చేసి ఇచ్చిన షీటు ఇచ్చిన రోజున ఎలా ఉందో పదేళ్ల తర్వాత తెరిచినా అలాగే ఉండాలి. లైబ్రరీలో గుర్తు మెరుగుపడితే సంతోషమే. దాన్ని పాత షీటులోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ షీటు గీసిన మనిషి చెప్పాలి. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. మా వీధిలోనే ముగ్గురు లక్ష్మీదేవమ్మలున్నారు, ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇస్తే పోస్ట్‌మన్‌ను ఊరుకుంటామా?

కాబట్టి పేరు కలిస్తే గుర్తు మార్చే ఆ ఏర్పాటును వెంటనే ఆపేయండి. కావాలనుకున్నవాళ్లు తామే ఆన్ చేసుకునేలా పెట్టండి, అప్పుడు కూడా పాత గుర్తునూ కొత్త గుర్తునూ పక్కపక్కన చూపించి అడిగిన తర్వాతే మార్చాలి. ఇప్పటికే మారిపోయిన ఫైళ్లలో ఏ షీటులో ఏ గుర్తు మారిందో జాబితా తీసే సాధనం ఇవ్వండి. అది వచ్చేదాకా జూన్‌కు ముందరి వెర్షన్‌ను ఇదే చందా మీద వాడుకోనివ్వండి. బ్యాకప్ డిస్కు నుంచి పాత షీట్లు తీసి, బ్యాకప్‌లో లేనివి మళ్లీ గీసి సరిచేయడానికి మా ముగ్గురికీ తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల నష్టానికి ఈ ఏడాది చందా తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. వీటిలో ఒక్కటే చేయగలమంటే మొదటిది చేయండి, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఈ సాఫ్ట్‌వేర్ నా స్వయం ఉపాధికి ఆధారం. కేవలం స్వయం ఉపాధితో బతకడానికే వస్తువు కొని వాడుకునేవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

నార్పల తోట షీటు మారకముందు ప్రింటు, మారిన తర్వాత ప్రింటు, రెండు ఫైళ్లూ, మీరిచ్చిన మూడు ఫిర్యాదు నంబర్లూ ఈ లేఖతో జతచేస్తున్నాను. రెండో ప్రింటులో మెరక దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. అది ఫిట్టర్ చుట్టింది.

భవదీయురాలు,
డ్రాయింగ్ ఆఫీసు నిర్వాహకురాలు,
అనంతపురం