కొరియన్ డేటింగ్ షోలు: దేనితో మొదలుపెట్టాలి?
మిత్రులారా, ముందు ‘ట్రాన్సిట్ లవ్’ చూడండి. 2021లో మొదలైంది, ‘ఎక్స్‌ఛేంజ్’ అనే పేరుతోనూ దొరుకుతుంది. విడిపోయిన జంటలన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి, ఎవరు ఎవరితో విడిపోయారో మొదట బయటపెట్టకూడదు. ఒకప్పటి ప్రేయసి తన ఎదుటే ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడుతుంటే ఆ అబ్బాయి ముఖం చూడాలి! ఎపిసోడ్లు బాగా పొడవు, అయినా దాటవేయకండి.

నెట్‌ఫ్లిక్స్‌లోని ‘సింగిల్స్ ఇన్‌ఫెర్నో’ కాలక్షేపానికి సరిపోతుంది. అందులో పాల్గొనేవాళ్లు ఒక దీవిలో ఉంటారు, అక్కడ ఉన్నంతసేపు వయసు, ఉద్యోగం చెప్పకూడదు. జంట కుదిరి హోటల్‌కు వెళ్లాకే ఆ ముచ్చట్లు. అందం ఎక్కువ, మాటల్లో పస తక్కువ.

పెళ్లిచూపుల తంతు ఇష్టమైతే ‘ఐ యామ్ సోలో’. యంగ్‌సూ, సున్‌జా లాంటి పాతకాలపు మారుపేర్లతో వస్తారు, ఉద్దేశం మాత్రం సూటిగా పెళ్లే.

‘ట్రాన్సిట్ లవ్’ చూసేసినవారు గుట్టు ఇక్కడ విప్పకండి, దయచేసి.