ముందు పోస్టుమార్టం, తర్వాతే ఫార్మలిన్

సంపాదకులకు,

విదేశాల నుంచి శంషాబాద్‌కు శవపేటిక రావాలంటే సాధారణంగా ఎంబామింగ్ (శవం కుళ్లకుండా రసాయనం ఎక్కించడం) ధ్రువపత్రం అడుగుతారు. తొడ దగ్గరో మెడ దగ్గరో ధమని తెరిచి, ఫార్మలిన్ ద్రావణం పెద్దవాళ్లకైతే సుమారు 8-10 లీటర్లు నెమ్మదిగా ఎక్కిస్తారు; పక్క సిరలోంచి రక్తం బయటికొస్తుంది. ఆలస్యమైతే రక్తం గడ్డకట్టి మందు వేళ్ల దాకా చేరదు. తొందరపడి ఒత్తిడి పెంచితే ముఖం ఉబ్బిపోతుంది. అనుమానాస్పద మరణమైతే ముందు పోస్టుమార్టం జరగాలి. ఫార్మలిన్ ఎక్కాక సైనైడ్, మద్యం ఆనవాళ్లు తేల్చడం కష్టం.

అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) నాటి నుంచి ఈ ఎంబామింగ్ అలవాటు పెరిగింది. ముస్లింలు, యూదులు సంప్రదాయంగా చేయించరు, త్వరగా ఖననం చేస్తారు. ఇక్కడేమో ఫ్రీజర్ బాక్సునే ఎంబామింగ్ అనుకుంటున్నారు. అది చల్లబరుస్తుంది, అంతే. కరెంటు పోతే (మన బస్తీల్లో పోకుండా ఉంటుందా!) కుళ్లడం మళ్లీ మొదలు. మార్చురీల దగ్గర ఈ సంగతులు తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి.

- ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్