ఉంగరాల విషయంలో ఒక మార్పు చేస్తున్నాను

నా దగ్గర వెండి ఉంగరాలు కొన్న కొందరు ఈ మధ్య ఒకే సంగతి రాశారు. రోజూ పెట్టుకుంటుంటే ఉంగరం గుండ్రం చెడి కోలగా అవుతోందట. వాళ్లకు విడిగా జవాబిచ్చాను. కానీ కారణం ఏమిటో, ఇకపై ఏం చేయబోతున్నానో అందరికీ చెప్పాలి.

నేను నగలు చేసేది సిల్వర్ క్లేతో. 1990ల్లో జపాన్ నుంచి వచ్చిన పదార్థం ఇది. చాలా సన్నటి వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్లు. ఇంతే ఇందులో ఉండేవి. చేత్తో మలిచి, ఆరబెట్టి, కిల్న్‌లో, అంటే బాగా వేడెక్కే కొలిమిలో, కాలిస్తే జిగురు కాలిపోతుంది. వెండి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుని గట్టి లోహం అవుతాయి. బయటికి తీసినప్పుడు సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. ఇత్తడి బ్రష్‌తో నాలుగుసార్లు రుద్దగానే లోపలి వెండి పైకి తేలుతుంది. ఆ క్షణం కోసమే నేనీ పని చేస్తున్నానని చెప్పినా తప్పులేదు.

అలా వచ్చేది 999 వెండి, అంటే వెయ్యి భాగాల్లో 999 వెండే. స్వచ్ఛమైనది కాబట్టి మెత్తన. పైగా పోత పోసిన లోహంతో పోలిస్తే కాలిన క్లేలో కంటికి కనిపించని ఖాళీలు కాస్త మిగులుతాయి. దిద్దులకు, లాకెట్లకు దీంతో ఏ ఇబ్బందీ లేదు, వాటి మీద ఒత్తిడి పడదు. ఉంగరం సంగతి వేరు. బ్యాగు పట్టుకున్నా, తలుపు లాగినా, బండి నడిపినా నలిగేది అదే.

అందుకే ఇకపై రోజువారీ ఉంగరాలన్నీ 960 క్లేతో చేస్తాను. అంటే వెయ్యి భాగాల్లో 960 వెండి, మిగతాది రాగి. ఆ కొంచెం రాగి వల్లే బిగువు వస్తుంది. ఉంగరం మందం కూడా పెంచుతున్నాను. సన్నగా, నాజూగ్గా కావాలని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. రోజూ పెట్టుకోవడానికైతే అలాంటిది నేను చేసివ్వను.

దీనివల్ల ధర పెరుగుతుంది. మామూలు వెండి కన్నా క్లే గ్రాముకు ఎప్పుడూ ఖరీదే, ఇప్పుడు గ్రాములూ ఎక్కువ పడతాయి. సమయమూ పడుతుంది. కాలితే క్లే సుమారు పది శాతం కుంచించుకుపోతుంది. మీ వేలికి లోపలి వెడల్పు 17 మిల్లీమీటర్లు కావాలంటే నేను మలిచేటప్పుడు దాదాపు 19 పెట్టాలి. పూర్తిగా ఆరకుండా కిల్న్‌లో పెడితే లోపలి తేమ ఆవిరై ముక్క ఉబ్బుతుంది, పగులుతుంది. తక్కువ సేపు కాలిస్తే పైకి మెరుస్తుంది గానీ లోపల పెళుసు. ‘ఈ వారంలో కావాలి, కుదురుతుందా’ అని అడిగినవాళ్లకు కుదరదనే చెబుతున్నాను. ఉంగరానికి మూడు వారాలు ఇవ్వండి. ఫంక్షన్ తేదీ ఉంటే ముందే చెప్పండి, ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

ఇంకొక్క విషయం. రాగి ఉంది కాబట్టి 960 ఉంగరం 999 కన్నా కాస్త త్వరగా నల్లబడుతుంది. వాడకుండా పక్కన పెట్టేస్తే ఇంకా తొందరగా. గాలి చొరబడని చిన్న కవర్లో పెట్టండి, మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. వెండి శుభ్రం చేసే ద్రావణంలో మాత్రం ముంచకండి. డిజైన్ గీతలు కనబడాలని వాటిలో నేను కావాలనే తెప్పించిన నలుపు కూడా అందులో పోతుంది.

పాత 999 ఉంగరం కోలగా అయినవాళ్లు దాన్ని పళ్లతోనో పటకారతోనో సరిచేయొద్దు, పగుళ్లు రావచ్చు. నాకు పంపండి. డబ్బు తీసుకోకుండా గుండ్రం చేసి, మెరుగు పెట్టి తిరిగి పంపిస్తాను. దాని బదులు 960 ఉంగరం కావాలంటే పాతదాని వెండి విలువ కొత్తదాని ధరలోంచి తగ్గిస్తాను. దిద్దులు, లాకెట్లు ఎప్పటిలాగే 999లోనే వస్తాయి, వాటి ధర మారలేదు.