శనివారం చర్చ: మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం

మిత్రులారా, శనివారం చర్చకు అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉదంతాన్ని తీసుకుందాం. అక్కడ క్రీడాకారిణులకు చికిత్స చేసే వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేరుతో తనను లైంగికంగా వేధించాడని 2014లో ఒక యువతి ఫిర్యాదు చేశారు. విశ్వవిద్యాలయం జరిపిన విచారణలో అభిప్రాయం అడిగిన వైద్య నిపుణులందరూ అదే విశ్వవిద్యాలయం వారు. అతని సహోద్యోగులను అడిగి, అతను చేసింది వైద్యమేనని తేల్చేశారు. పైగా నివేదిక ముగింపును రెండు రకాలుగా రాశారు. అతని పద్ధతి రోగులకు అనవసరమైన మానసిక క్షోభ కలిగిస్తోందన్న మాట విశ్వవిద్యాలయానికి ఇచ్చిన ప్రతిలో ఉంది, ఆమె చేతికి ఇచ్చినదానిలో లేదు. నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఇదే. అతను 2016 వరకు రోగులను చూస్తూనే ఉన్నాడు.

తర్వాత 2018లో విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు రాజీనామా చేశారు, బాధితులకు 50 కోట్ల డాలర్ల పరిహారం కుదిరింది. 2019లో కేంద్ర విద్యాశాఖ 45 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయినా ఈ ఉదంతానికి సంబంధించిన వేలాది పత్రాలను, న్యాయవాదులతో జరిపిన సంప్రదింపులు గోప్యమన్న పేరిట, విశ్వవిద్యాలయం వారు అట్టే పెట్టుకున్నారు. బాధితులు ఏళ్ల తరబడి అడిగినవి ఆ కాగితాలే. వాటిని బయటపెట్టడానికి పాలకమండలి ఒప్పుకున్నది 2023 డిసెంబరులో.

విచారణ నివేదిక పూర్తి ప్రతి ఫిర్యాదుదారుకు అందాలంటే నియమాన్ని ఎలా రాయాలో ఆలోచించి రండి. ముందే రాసి ఇక్కడ పెట్టగలిగితే ఇంకా మంచిది.