కుడి చెయ్యి

చిరంజీవి బుజ్జికి,
నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాం. మిర్చి తీసేసిన పొలం గట్టు మీద సర్వే కర్ర పట్టుకుని నిలబడ్డావు. అమ్మ "పిల్ల చిక్కిపోయింది" అంది. నా చూపు మాత్రం మోచేతుల పైకి మడిచిన నీ చొక్కా చేతుల దగ్గరే ఆగిపోయింది. కాళ్ల కింద నీ నీడ పీటంత కూడా లేదు.

పోయిన నెల దురదని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, "డ్రైవరుగా చేశారా?" అని అడిగింది. అప్పటికి నేను నోరే విప్పలేదు. 28 ఏళ్లు బస్సు నడిపినప్పుడు కిటికీ మీద ఆనించింది కుడి చెయ్యే కదా. ఎడమ చెయ్యి నునుపుగానే ఉంది. కుడిది మణికట్టు నుంచి మోచేతి దాకా ఎండిన చింతతొక్కలా మందంగా, మచ్చలతో, ముడతలు పడి ఉంది. కుడి బుగ్గా అంతే. రోజూ గడ్డం గీసుకుంటూ కూడా గమనించలేదు చూడు! కిటికీ మూసుకున్నా పూర్తిగా తప్పేది కాదట. ఒంటిని కమిలించే కిరణాలను అద్దం చాలావరకు ఆపుతుంది కానీ, లోతుకు దిగి ముడతలు తెచ్చే యూవీ-ఏ మామూలు అద్దంలోంచి వచ్చేస్తుందట.

నల్లబడతావని రాయడం లేదమ్మా. నీది మీ నాయనమ్మ రంగు, నాకు ఇష్టమైన రంగు. అయితే మన ఒంటికి ఎండ అలవాటేలే అనుకోకు. ఆ రంగు కాసే కాపు కొంతే. నేను దాన్నే నమ్ముకుని బతికాను.

కొలతలు నీకు నేను చెప్పేదేముంది? నీడ నీ ఎత్తు కన్నా పొట్టిగా ఉందంటే ఎండ చర్మాన్ని గట్టిగా తాకుతున్నట్టు. మన పల్నాడులో మే నెలలో అది ఉదయం తొమ్మిదికల్లా మొదలై మూడు దాటేదాకా ఉంటుంది. మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నీ కర్రకు నీడే కనిపించదు. అందుకని గట్లు పొద్దున్నే కొలుచుకుని, కాగితాల పని మధ్యాహ్నానికి పెట్టుకో. రైతులకూ అదే సుఖం. మబ్బు పట్టిందని మాత్రం ధీమా పడకు, వేడి వేరు, ఈ కిరణాలు వేరు.

ఎండకు రాసుకునే క్రీము డబ్బా ఆరు నెలలుగా ఒకటే వాడుతున్నానన్నావు. బొట్టు పెట్టుకున్నట్టు రాస్తున్నావని అప్పుడే అర్థమైంది. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండుకోవాలి, బయలుదేరడానికి ఓ ఇరవై నిమిషాల ముందు. ఎస్‌పీఎఫ్, అంటే ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 30 చాలు. అది కమిలించే కిరణాల్లో 97 శాతం దాకా ఆపితే, 50 ఆపేది 98. ఆ ఒక్క శాతానికి ఎక్కువ డబ్బు పోసే బదులు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకో, చెమటకు ఎలాగూ కారిపోతుంది.

మొటిమలకని డాక్సీసైక్లిన్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? వాటితో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుందట. నీది పొలాల్లో తిరిగే ఉద్యోగమని మీ డాక్టరుకు చెప్పు. అలాగే అమ్మ చెప్పిందని నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి పోకు. ఆ రసం మీద ఎండ తగిలితే బొబ్బలెక్కి, మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఇది రాస్తుంటే అమ్మ పక్కనే ఉంది. ఒప్పుకోలేదు.

నీకు గొడుగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి రెండు చొక్కాలు కుట్టించాను. నా యూనిఫాం గుడ్డ మిగిలిందిలే. పల్చటి తెల్ల నూలుగుడ్డ చెమటకు తడిస్తే ఎండను లోపలికి రానిస్తుంది. ఇది దగ్గరి నేత, వెలుగుకు పట్టి చూస్తే అవతల ఏమీ కనిపించదు. గాలి ఆడేలా వదులుగా పెట్టించాను. రేపు తొలి బస్సులో పంపిస్తున్నాను, ఏడున్నరకల్లా బస్టాండులో ఉండు. చేతులు కాస్త పొడుగయ్యాయి, వేళ్ల మొదళ్ల దాకా వస్తాయి. దర్జీ మడిచి కుడతానన్నాడు. నేనే వద్దన్నాను.

మీ నాన్న